ఏరుకునేవాళ్లు ఏ మెట్టు మీద?

సాంఘికశాస్త్రం పాఠాల్లో ఒక నిచ్చెన ఉంటుంది. అడుగు మెట్టు మీద అడవిలో దుంపలు తవ్వుకునే, కాయలు ఏరుకునే మనిషి. దాని పైమెట్టు మీద పోడు కొట్టేవాడు. ఆ పైన నాగలి పట్టిన రైతు. చివరి మెట్టు మీద ఫ్యాక్టరీ, పట్నం. ఆశ్రమ పాఠశాలల్లో మన పిల్లలు ఈ నిచ్చెనను బట్టీ పడతారు, పరీక్షలో రాస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. ఊరికి వచ్చినప్పుడు, తొలకరికి బుట్ట పట్టుకొని పుట్టగొడుగులకు పోతున్న అవ్వను చూస్తారు. మా అవ్వ ఇంకా కింది మెట్టు మీదే ఉంది అనుకుంటారు. ఆ మాట వాళ్లకు ఎవరూ చెప్పరు. చదివిన పాఠమే అనిపిస్తుంది.

ఈ నిచ్చెన అబద్ధమని చెప్పడానికి మన అడవుల నుంచి ఎన్ని సాక్ష్యాలైనా తేవచ్చు. కానీ మన సాక్ష్యాన్ని ఎవరు వింటారు? గతం మీద మమకారం అని కొట్టిపారేస్తారు. అందుకే ఈసారి ఆ నిచ్చెన తయారైన ఐరోపా నుంచే సాక్షిని పిలుద్దాం. ఆ సాక్షి పేరు ట్రఫుల్.

ట్రఫుల్ అంటే నేల లోపల పెరిగే ఒక శిలీంధ్రం. పుట్టగొడుగుల జాతిదే గానీ గొడుగు ఉండదు. చూడ్డానికి గరుకు తోలున్న మట్టిగడ్డలా ఉంటుంది. ఓక్, హేజెల్ లాంటి చెట్ల వేళ్లను పట్టుకొని బతుకుతుంది. దాని సన్నటి దారాలు వేరుకొసలకు తొడుగులా చుట్టుకొని, మట్టిలోని నీళ్లను, భాస్వరాన్ని చెట్టుకు అందిస్తాయి. బదులుగా చెట్టు తన ఆకుల్లో వండిన చక్కెరను దానికి పెడుతుంది. ఈ పొత్తు లేకుండా ట్రఫుల్ లేదు. నేలను చీల్చుకొని పైకి రాలేదు కాబట్టి వాసనతో జంతువులను పిలుస్తుంది. వెనక పందులతో వెతికేవారు, ఇప్పుడు కుక్కలతో వెతుకుతారు. ఫ్రాన్స్, స్పెయిన్ దేశాల నల్ల ట్రఫుల్, ఇటలీలో ఆల్బా ప్రాంతపు తెల్ల ట్రఫుల్ ప్రపంచంలోకెల్లా ఖరీదైన తిండి సరుకుల్లో ఉన్నాయి. తెల్ల ట్రఫుల్ కిలో ధర లక్షల రూపాయల్లో పలుకుతుంది.

ఇప్పుడు నిచ్చెన పట్టుకున్న పెద్దమనుషులను ఒక మాట అడుగుదాం. రాజుల బల్లల మీద, ప్యారిస్ హోటళ్లలో వడ్డించిన ఈ పదార్థం శతాబ్దాల పాటు ఎలా వచ్చింది? అడవికి పోయి వెతికి, తవ్వి, ఏరుకుంటే వచ్చింది. అంటే అది కింది మెట్టు పనే. మరి ట్రఫుల్ ఏరే ఫ్రెంచి రైతును ఆదిమ దశలో ఉన్నాడని ఏ పుస్తకమైనా రాసిందా?

రాయకపోగా సన్మానం చేశారు. 2021లో యునెస్కో, ఇటలీలో ట్రఫుల్ వెతికి తీసే సంప్రదాయ జ్ఞానాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. ఏ చెట్టు కింద, ఏ నేలలో, ఏ నెలలో, ఏ వాన తరవాత దొరుకుతుందో తెలియడం, కుక్కకు నేర్పడం, తవ్విన గుంటను మళ్లీ పూడ్చడం, ఇవన్నీ తాత నుంచి మనవడికి నోటిమాటగా అందిన జ్ఞానమని ఒప్పుకుంది. మంచిదే. ఇటలీ పల్లెటూరి మనిషికి దక్కిన ఆ గౌరవం మీద మనకు అసూయ అక్కర్లేదు. మన అడుగు ఒక్కటే: అదే పని మన అవ్వ చేస్తే వెనకబాటుతనం ఎందుకయింది?

ఇక సాగు సంగతి చూద్దాం. ట్రఫుల్‌ను ఇప్పుడు తోటల్లో పండిస్తున్నారు, కాబట్టి ఏరుకునే దశ నుంచి వ్యవసాయ దశకు ఎక్కినట్టే కదా అని వాదించేవాళ్లు ఉన్నారు. ఆ తోటలు ఎలా పుట్టాయో తెలిస్తే ఈ వాదం నిలబడదు.

పంతొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో దక్షిణ ఫ్రాన్స్‌లోని వోక్లూజ్ ప్రాంతంలో జోసెఫ్ తలోన్ అనే రైతు ఉండేవాడు. ట్రఫుల్ దొరికే ఓక్ చెట్ల కింద రాలిన గింజలను ఏరి, పనికిరాని రాతి నేలలో విత్తాడు. కొన్నేళ్లకు ఆ మొక్కల కింద ట్రఫుల్ దొరికింది. ఆ రోజుల్లో వేళ్లకూ శిలీంధ్రానికీ ఉన్న పొత్తు ఏ శాస్త్రవేత్తకూ తెలియదు. ట్రఫుల్ అంటే ఏమిటన్న దాని మీదే పండితులు కొట్టుకుంటున్నారు. ఏరుకునే మనిషికి మాత్రం ఈ చెట్టుకూ ఆ గడ్డకూ సంబంధం ఉందని తెలుసు. ఆ ఎరుకలోంచే సాగు పుట్టింది. తరవాత కార్పాంత్రాస్ వ్యాపారి ఒగుస్త్ రూసో పెద్ద ఎత్తున ఓక్ నాటించి, 1855 ప్యారిస్ ప్రదర్శనలో తన ట్రఫుల్స్ పెట్టాడు. ఫిలోక్సెరా అనే పురుగు ద్రాక్షతోటలను నాశనం చేశాక, ఎండిపోయిన ఆ తోటల నేలల్లో రైతులు ఓక్ విత్తుకున్నారు.

శాస్త్రం వెనక వచ్చింది. ట్రఫుల్‌ను ఎలా పండించవచ్చో తేల్చమని ప్రష్యా ప్రభుత్వం ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ అనే వృక్షశాస్త్రజ్ఞుడికి పని అప్పగించింది. ఆయన ట్రఫుల్‌ను పండించలేకపోయాడు గానీ, వేరూ శిలీంధ్రమూ కలిసి బతుకుతున్నాయని కనిపెట్టి 1885లో ఆ పొత్తుకు 'మైకోరైజా' అని పేరు పెట్టాడు. మన డిగ్రీ పిల్లలు బోటనీలో చదివే ఆ మాట, ఏరుకునేవాళ్ల తిండి వెంట పోయిన పరిశోధనలో పుట్టింది. 1970లలో ఫ్రాన్స్ వ్యవసాయ పరిశోధన సంస్థ నర్సరీలోనే మొక్క వేరుకు ట్రఫుల్‌ను పట్టించే పద్ధతి తయారుచేసింది. ఆ మొక్కలే ఇప్పుడు స్పెయిన్ నుంచి ఆస్ట్రేలియా దాకా నాటుతున్నారు. ఈ శాస్త్రాన్ని తక్కువ చేయడం మన పని కాదు. వరస సరిగ్గా చెప్పమంటున్నాం. ముందు ఏరిన చెయ్యి, తరవాత విత్తిన చెయ్యి, ఆఖర్న సూక్ష్మదర్శిని.

అయినా ఆ తోట రైతు ఏం చేస్తాడు? సున్నపు నేల ఎంచుకుంటాడు. మొక్కలు నాటుతాడు. ఆరేళ్లో పదేళ్లో ఎదురుచూస్తాడు. చెట్టు చుట్టూ గడ్డి మాడిపోయి నేల బోసిగా కనబడితే, లోపల శిలీంధ్రం పాకిందని సంతోషిస్తాడు. అప్పటికీ పంట వస్తుందన్న హామీ లేదు. పక్కపక్క చెట్లలో ఒకటి కాస్తుంది, ఒకటి కాయదు. చలికాలం వచ్చాక కుక్కను తీసుకొని తోటలోకి పోతాడు. అది ఎక్కడ ఆగితే అక్కడ మోకాళ్ల మీద కూర్చొని తవ్వుతాడు. అంటే ఇంత సాగు చేశాక కూడా చివరికి ఏరుకునేవాడే. అడవి చేసే పనిని అనుకరించడమే అతని వ్యవసాయం. ఇందులో పైమెట్టు ఏది, కింది మెట్టు ఏది?

ఇంతకన్నా పెద్ద పాఠం ట్రఫుల్ కరువులో ఉంది. 1900 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో ఏటా వెయ్యి టన్నుల దాకా ట్రఫుల్ వచ్చేదని చెబుతారు. తరవాత అది కొన్ని పదుల టన్నులకు పడిపోయింది. ఎందుకు? రెండు యుద్ధాల్లో పల్లెల మగవాళ్లు చచ్చారు. మిగిలినవాళ్లు పట్నాలకు పోయారు. గొర్రెలు మేసేచోట మేపు ఆగింది, కట్టెలు కొట్టేచోట కొట్టుడు ఆగింది. అడవి మూసుకుపోయింది. వెలుతురు పడే పలచటి అడవిలో పెరిగే నల్ల ట్రఫుల్‌కు ఆ చిక్కటి నీడ పడలేదు. ఏ చెట్టు కింద కాస్తుందో తెలిసిన ముసలివాళ్లు ఆ ఎరుకను ఎవరికీ అప్పగించకుండానే పోయారు.

మనిషిని బయటకు పంపితే అడవి బాగుపడుతుందని మనకు పాఠం చెప్పేవాళ్లు ఈ సంగతి వినాలి. పులుల అభయారణ్యం పేరుతో ఊళ్లను లేపాలని ఫైళ్లు కదిపేవాళ్లు వినాలి. అన్ని అడవులూ మనిషి చెయ్యి పడితేనే బతుకుతాయని నేను అనడం లేదు. మనిషితో కలిసి పెరిగిన అడవిలోంచి మనిషిని తీసేస్తే, అతనితోపాటు ఏమేం పోతాయో ముందు లెక్క వేయమంటున్నాను. ఫ్రాన్స్ ఆ లెక్క వేయలేదు. ఇప్పుడు లక్షలు ఖర్చుపెట్టి తోటల్లో ఆ వెలుతురును మళ్లీ తయారుచేసుకుంటోంది.

సాగు అసలు రహస్యం మొక్కలో లేదు, హక్కులో ఉంది. తలోన్ తన నేలలో విత్తాడు. స్పెయిన్‌లో తెరువెల్ కొండప్రాంతంలోని సర్రియోన్ చుట్టుపక్కల, జనం వలసపోయి ఖాళీ అవుతున్న పల్లెల్లో, రైతులు వేల హెక్టార్లలో ఓక్ తోటలు వేశారు. ఊళ్లు నిలబడ్డాయి. పదేళ్లు ఎదురుచూసే ధైర్యం వాళ్లకు ఎక్కడిది? నేల తమది, రేపు ఎవరూ వచ్చి వెళ్లగొట్టరు అన్న నమ్మకం నుంచి వచ్చింది. పట్టా కోసం పెట్టిన దరఖాస్తు ఏమయిందో తెలియని మనిషికి పదేళ్ల చెట్టు నాటమని చెప్పడం ఎగతాళి.

ఇటలీ చట్టం చూడండి. 1985లో చేసిన ట్రఫుల్ చట్టం ప్రకారం అడవుల్లోనూ సాగు చేయని నేలల్లోనూ ట్రఫుల్ ఏరుకోవడం స్వేచ్ఛ. ఏరేవాళ్లు పరీక్ష పాసై కార్డు తీసుకోవాలి, కుక్కతోనే వెతకాలి, పచ్చివి తీయకూడదు, గుంట పూడ్చాలి. తోట వేసుకున్నవాడు మాత్రం బోర్డు పెట్టి అక్కడ పంట తనదే అనవచ్చు. ఏరుకునేవాడి హక్కు, నాటుకున్నవాడి హక్కు రెండూ ఒకే కాగితం మీద రాశారు. ఫ్రాన్స్‌లో అయితే ట్రఫుల్ ఆ నేల యజమానిదే. అక్కడ 2010 డిసెంబర్‌లో గ్రినాన్ దగ్గర ఒక యువ రైతు, రాత్రిపూట తన తోటలో కనబడ్డ మనిషిని దొంగ అనుకొని కాల్చి చంపాడు. జైలుకు పోయాడు. ఒకప్పుడు వెతికి ఏరుకున్న గడ్డ కంచెలోకి పోయాక తుపాకీ దాకా వచ్చింది. తోట కావాలా వద్దా అని తేల్చేముందు, ఆ తోట చుట్టూ కంచె ఎవరు వేస్తారు, కంచె బయట ఎవరు మిగులుతారు అని అడగాలి.

ఆ ఫ్రాన్స్‌తో మనకు చుట్టరికం లేదనుకోకండి. 1867 నుంచి దాదాపు ఇరవై ఏళ్లపాటు, మన దేశపు అడవుల మీద పెత్తనం చేయబోయే బ్రిటిష్ అధికారులు చదువుకున్నది ఫ్రాన్స్‌లోని నాన్సీ అటవీ పాఠశాలలో. ఆ దేశపు అటవీ చట్టాలు తమ సొంత పల్లె జనాన్నే అడవి నుంచి తరిమాయి. 1829లో పిరనీస్ కొండల్లోని అరియేజ్ రైతులు ఆడవేషాలు వేసుకొని అటవీ గార్డుల మీద తిరగబడ్డారు. మన్యం పితూరీలు, జోడేఘాట్ పోరు చదివే మన పిల్లలకు ఈ కథా చెప్పాలి. అడవి మీద హక్కు కోసం కొట్లాడినవాళ్లు అన్ని ఖండాల్లోనూ ఉన్నారు.

ఇప్పుడు మన నేలకు వద్దాం. మొదటే ఒక మాట. ఈ ట్రఫుల్ మన ఏజెన్సీలో పండదు. దానికి సున్నపు నేల, గట్టి చలికాలం కావాలి. అరకు, పాడేరు కాఫీ తోటల్లో నీడకు వేసిన సిల్వర్ ఓక్‌ను చూసి ఎవరైనా ఆశపడితే, అది పేరుకే ఓక్. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన వేరే కుటుంబపు చెట్టు. దాని వేరుకు ట్రఫుల్‌తో పొత్తు కుదరదు. లక్షలొచ్చే పంట అని యూట్యూబ్ చూసి మొక్కలకు డబ్బు కట్టే పని మన యువకులు పెట్టుకోవద్దు.

మనకు మన ట్రఫుల్స్ ఉన్నాయి. బస్తర్ సంతల్లో తొలి వానలకు వచ్చే 'బోడ' చూసినవాళ్లు మనలో చాలామంది ఉంటారు. జార్ఖండ్‌లో దాన్నే రుగ్డా అంటారు. గుగ్గిలం చెట్ల కింద నేల గీకితే దొరికే ఆ గుండ్రటి గడ్డ కూడా వేరు పొత్తుతో బతికేదే. గుగ్గిలం లేకపోతే అది లేదు. సంతలో దాని ధర వేటమాంసంతో పోటీ పడుతుంది. ఇక పుట్టగొడుగు సంగతి దాని పేరే చెబుతుంది. పుట్టలో చెదలు పెంచుకునే శిలీంధ్రమే వానకు గొడుగై పైకి వస్తుంది. చెదలు లేకుండా దాన్ని పండించడం ఇంతవరకూ ఎవరికీ చేతకాలేదు. చెదలకూ ఆ గొడుగుకూ ఉన్న సంబంధాన్ని పసిగట్టి పేరు పెట్టినవాళ్లు ఏ యూనివర్సిటీలో చదివారు?

అలాంటి అడవిని ఏం చేశారో గుర్తుచేసుకుందాం. 1970లలో బస్తర్‌లో గుగ్గిలం అడవి నరికి పైన్ చెట్లు నాటాలని పథకం వేశారు. ఆదివాసులు ఎదురుతిరిగితే ఆగింది. ఆ దశాబ్దం చివర సింగ్‌భూమ్‌లో గుగ్గిలం తీసి టేకు నాటితే, అక్కడి జనం టేకు మొక్కలు పీకారు, పోలీసు తూటాలు తిన్నారు. అభివృద్ధి వ్యతిరేకులని వాళ్లకు పేరు పెట్టారు. టేకు వేరుకు బోడతో పొత్తు లేదు. గుగ్గిలం పోతే దానితో బోడ పోతుంది, గింజ పోతుంది, ఆకు పోతుంది. సర్కారు లెక్కలో మాత్రం చెట్టుకు చెట్టు వచ్చింది, అడవి తగ్గలేదు. ఈ రోజు గనికి, డ్యాముకు అడవి ఇచ్చి ఇంకోచోట వరసగా మొక్కలు నాటి 'ప్రత్యామ్నాయ అడవి' అనే లెక్క కూడా ఇదే. అది కూడా తరచుగా మన పోడు భూమిలోనే. తోట తోటే, అడవి అడవే. ట్రఫుల్ రైతు తన ఓక్ తోటను తోట అనే అంటాడు. మన దగ్గర మాత్రం తోటను అడవి అని రాసి అడవిని ఖాళీ చేస్తారు.

మనవాళ్లే పాడుచేస్తారు కదా అని ఒక ఎదురు వాదం ఉంది. దానికీ ట్రఫుల్‌లోనే జవాబు ఉంది. చైనాలో యునాన్, సిచువాన్ కొండల్లో ఒక ట్రఫుల్ ఉంది. పందులు తవ్వుకునే గడ్డగానే స్థానికులకు అది తెలుసు. 1990ల నుంచి ఎగుమతి వ్యాపారులు దిగారు. పండినదా పచ్చిదా చూడకుండా తూకానికి కొన్నారు. జనం పారలతో అడవి నేలనంతా దువ్వేశారు. నేను తవ్వకపోతే పక్కవాడు తవ్వుతాడన్న చోట ఎవరూ ఆగరు. ఏరుకోవడం అడవిని చెరపదు. కొనేవాడి తొందర, ఏరేవాడికి హక్కు లేకపోవడం కలిస్తే అడవి చెడుతుంది. తపసి జిగురు తీసే మనవాళ్లకు ఇది కొత్త కాదు. లోతుగా గాటు పెడితే చెట్టు చస్తుందని వాళ్లకు తెలుసు. చెట్టు తనదని తెలిస్తేనే చెయ్యి ఆగుతుంది.

మన చేతిలో చట్టం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(సి) చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్య హక్కు ఇచ్చింది. 3(1)(ఐ) మన సామూహిక అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. 3(1)(కె) జీవవైవిధ్యం మీద మన సంప్రదాయ జ్ఞానానికి సామూహిక హక్కు ఇచ్చింది. కానీ ఒక మెలిక చూడండి. చిన్నతరహా ఉత్పత్తులంటే 'మొక్కల నుంచి వచ్చేవి' అని చట్టం చెప్పింది. వెదురు, తునికాకు, తేనె, లక్క, దుంపలు ఇలా పేర్లు రాసింది. పుట్టగొడుగు పేరు లేదు. సైన్సు పాఠంలో శిలీంధ్రం మొక్క కాదు, వేరే రాజ్యం. రేపు ఏ కంపెనీ అయినా, ఏ అధికారి అయినా ఈ సందు పట్టుకొని మాట్లాడవచ్చు. తేనె, లక్క కూడా మొక్కలు కావు, అయినా జాబితాలో ఉన్నాయి, 'ఇలాంటివి' అనే మాట కూడా ఉంది అని మనం జవాబు చెప్పాలి. జవాబు చెప్పేదాకా ఆగకుండా ముందే రాసుకోవాలి.

అందుకే యువకులకు ఒక పని. మీ ఊరి గ్రామసభ సామూహిక హక్కుల దరఖాస్తు నింపేటప్పుడు 'అటవీ ఉత్పత్తులు' అని ఒక్క ముక్క రాసి వదలకండి. అవ్వలను, అమ్మలను కూర్చోబెట్టి అడగండి. ఏ పుట్టగొడుగు, ఏ చెట్టు కింద, ఏ కార్తెలో, ఏ గుట్ట మీద అన్నది కోయలో, గోండిలో, కువిలో, సవరలో, కొలామీలో మీ పేర్లతోనే రాయించండి. తీర్మానం చేయించండి. ఎవరైనా పరిశోధన పేరుతో వచ్చి ఆ వివరాలు అడిగితే, గ్రామసభ ఒప్పుకుంటేనే ఇవ్వండి. తలోన్ తన గుట్టు ఊరికే దాచుకోలేదు.

టీచర్లకు ఒక మనవి. ఆ నిచ్చెన పాఠం చెప్పక తప్పదు, పరీక్షలో వస్తుంది. చెప్పండి. చెప్పాక పక్కన ట్రఫుల్ కథ చెప్పండి. మైకోరైజా పాఠం రోజున మీ బడిలో పిల్లల అవ్వను ఒకరిని పిలిచి, తినే గొడుగునూ విషపు గొడుగునూ ఎలా గుర్తుపడుతుందో చెప్పించండి. ఆమెకు కుర్చీ వేయండి. ఇటలీలో ఆ జ్ఞానానికి పరీక్ష పెట్టి కార్డు ఇస్తారు. మన బడిలో ఆ జ్ఞానానికి ఒక్క పీరియడ్ ఇవ్వలేమా?

'చిన్నతరహా' అన్న మాట మీద కూడా ఒకసారి ఆలోచించండి. కలపను పెద్ద ఉత్పత్తి అన్నారు, ఎందుకంటే దొరకు కావలసింది కలప. మనకు ఏడాది పొడవునా తిండి పెట్టేదాన్ని చిన్నది అన్నారు, ఎందుకంటే అది మనకు కావలసింది. కొలత కర్ర ఎవరి చేతిలో ఉంటే వాళ్ల లెక్కే చెల్లుతుంది. ఓక్ వేరు కింద గడ్డను ఐరోపా బంగారంలా తూస్తోంది. గుగ్గిలం వేరు కింద గడ్డను మనం బుట్టలో వేసుకొని సంతకు పోతున్నాం. రెండింటి వెనకా ఉన్నది ఒకటే ఎరుక, ఒకటే ఓపిక. ఏరుకునేవాళ్లు ఏ మెట్టు మీదా లేరు. వాళ్లు అడవిలో ఉన్నారు, అడవి వాళ్ల హక్కుగా ఉండాలి. ఆ నిచ్చెనను పాఠం అయ్యాక గోడకు ఆనించి వదిలేద్దాం.